తాతగారి పెట్టెలో దొరికిన ఇత్తడి పిడి, ఇనుప మొన: ఇది ఏ పనిముట్టు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పెరంబూరులో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే మీ తాతగారి చెక్కపెట్టె అడుగున ఒక పనిముట్టు దొరికింది. పొడవు 21 సెంటీమీటర్లు. నడుమ ఇత్తడి పిడి, ఒక కొసన సన్నటి ఇనుప మొన, రెండో కొసన పిడిలోకి మడుచుకునే చిన్న చాకు. చాకు తుప్పుపట్టి బిగుసుకుపోయింది, తెరుచుకోవడం లేదు. పక్కింటాయన ఇది పాతకాలపు వైద్యులు గడ్డలు కోసే కత్తి అన్నారు. మీ బావగారు చెప్పులు కుట్టే ఆరె అన్నారు. అసలు ఇది ఏమిటి, చింతపండు పెట్టి తోమవచ్చా, అమెరికాలో ఉన్న మీ అన్నయ్యకి పంపవచ్చా అని మీ ప్రశ్న.

అది ఘంటం అండీ. తాటాకు మీద రాసే ఇనుప కలం. కొన్నిచోట్ల గంటం అని కూడా అంటారు. రెండో కొసన ఉన్న చాకు ఆకుల్ని కోసి, అంచులు సరిచేసుకోవడానికి. దయచేసి తోమకండి. అన్నయ్యకి పంపే సంగతి కూడా ప్రస్తుతానికి ఆపండి, అదెందుకో కింద చెబుతాను.

నేను చెన్నై పార్క్ టౌన్‌లో పాత ఇత్తడి, ఇనుప సామాన్లు బాగుచేసే పని చేస్తాను. దీపపు సెమ్మెలు, తాళాలు, త్రాసులు, పెట్టెల మడతబందులు ఎక్కువగా వస్తాయి. మా నాన్నగారిదీ ఇదే పని. నెలకి ఒకరిద్దరైనా "ఇదేమిటో చెప్పండి" అని ఏదో ఒకటి పట్టుకొస్తారు. అలా వచ్చినప్పుడు నేను మొదట ఆకారం చూడను, అరుగుదల చూస్తాను. ఒకే ఆకారం పది పనులకి పనికొస్తుంది. కానీ ఒక వస్తువుతో ఏళ్ళ తరబడి ఒకే పని చేస్తే అది ఒక్కచోటే అరుగుతుంది, ఒక్కచోటే నునుపు తేలుతుంది. ఆ చోటు ఏదో తెలిస్తే పని ఏదో తెలిసినట్టే.

మీ ఫోటోల్లో నాకు కనిపించినవి చెబుతాను.

ముందు మొన. దగ్గరగా తీసిన రెండో ఫోటోలో మొన చుట్టూ గుండ్రంగా, నిలబెట్టిన ములగకాడ కొసలా నెమ్మదిగా సన్నబడింది. ఎక్కడా పదును అంచు లేదు. గడ్డ కోసే కత్తి అయితే కొస చదునుగా ఉండి పక్కన పదును ఉండాలి, లేకపోతే అది చర్మాన్ని కొయ్యదు, గుచ్చుతుంది అంతే. చెప్పులు కుట్టే ఆరె అయితే పిడి పొట్టిగా, అరచేతిలో ఇమిడేలా ఉంటుంది, ఎందుకంటే తోలులోకి దించడానికి అరచేత్తో బలంగా నొక్కాలి. చాలా ఆరెలకి కొస దగ్గర దారం లాగడానికి కొక్కెంలాంటి గాడి కూడా ఉంటుంది. మీ దానికి అది లేదు. గోనెసంచులు కుట్టే దబ్బనం అయితే బెజ్జం ఉండాలి. అదీ లేదు.

రెండోది పిడి. ఇత్తడి మీద గీతలూ చుక్కలూ కలిపి చిన్న నగిషీ ఉంది కదా. ఒకవైపు అది స్పష్టంగా ఉంది, రెండోవైపు దాదాపు చెరిగిపోయింది. అంటే దాన్ని వాడినాయన ప్రతిసారీ ఒకేలా పట్టుకున్నాడు, చాలాకాలం పట్టుకున్నాడు. ఎప్పుడో ఒకసారి తీసి వాడే వస్తువుకి ఇలాంటి అరుగుదల రాదు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మొనకి వేలెడు పైన ఇనుము మీద ఒక పక్క మాత్రం నున్నగా, నల్లటి మెరుపుతో ఉంది. చుట్టూ తుప్పు ఉన్నా అక్కడ తక్కువ. అది ఎడమచేతి బొటనవేలి గుర్తు అని నా నమ్మకం. ఎలాగో చెబుతాను.

నా చిన్నప్పుడు మా నాన్నగారి దుకాణం మూర్ మార్కెట్‌లో ఉండేది. తాటాకుల మీద జాతకాలు రాసే ఒక పెద్దాయన మడతబందు వదులైన తన ఘంటం పట్టుకొచ్చారు. నాన్నగారు బిగించి ఇస్తే, సరిగ్గా ఉందో లేదో చూడటానికి అక్కడే బల్ల మీద కూర్చుని ఒక ఆకు తీసి రాశారు. మనం కలం పట్టుకున్నట్టు కాదు. కుడిచేతి పిడికిట్లో ఘంటం, ఎడమచేతిలో ఆకు. ఎడమ బొటనవేలు ఘంటానికి ఆనించి, దానితోనే నడిపిస్తున్నారు. ఘంటం పెద్దగా జరగడం లేదు, ఆకే ఎడమవైపుకి జరుగుతోంది. బొటనవేలి గోటికి చిన్న గాటు ఉంది, ఘంటం జారకుండా అందులో ఆనుతుంది. రాయసగాళ్ళు, అంటే రాత పని చేసేవాళ్ళు, గోరు పెంచి అలా గాటు పెట్టుకునేవాళ్ళట. రాస్తుంటే కరకరమని సన్నటి చప్పుడు. రాసింది కంటికి కనిపించలేదు. తర్వాత మసి, నూనె కలిపిన గుడ్డతో ఆకు మొత్తం రుద్ది, పొడిగుడ్డతో తుడిచారు. పైనున్న నలుపంతా పోయి, గీతల్లో దూరింది మాత్రం నిలిచింది. అప్పుడు అక్షరాలు తేలాయి. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఇప్పటికీ ఎవరైనా ఘంటం తెస్తే ముందు ఆ బొటనవేలి చోటే వెతుకుతాను.

దీన్నిబట్టే మొన గుండ్రంగా ఎందుకుండాలో కూడా అర్థమవుతుంది. ఘంటం ఆకుని కొయ్యకూడదు, గీరాలి. పదును అంచు ఉంటే ఆకు చీలుతుంది. తాటాకు నారలు పొడవునా ఉంటాయి కాబట్టి, పొడవునా తిన్నటి గీత గీస్తే ఆ దారినే చీలిక వస్తుంది. మన తెలుగు అక్షరాలు గుండ్రంగా తిరగడానికి ఇదే కారణమని చాలామంది చెబుతారు. లిపి చరిత్ర గురించి తీర్పు చెప్పేంతవాణ్ణి కాను గానీ, పాత ఆకు ముక్క మీద నేను గీసి చూశాను. "ర" రాస్తే ఆకు ఊరుకుంటుంది, అడ్డగీత లాగితే విడిపోతుంది.

ఇక చాకు. తాటాకైనా, శ్రీతాళం అనే ఇంకో రకం తాటిచెట్టు ఆకైనా కోసి తెచ్చి నేరుగా రాయరు. ఈనె తీసి, ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసి, అన్నీ ఒకే కొలతకి కత్తిరించాలి. ఊళ్ళు తిరిగే మనిషికి దారిలో ఆకు అంచు చిట్లినా, తాడు కొయ్యాలన్నా చాకు కావాలి. అందుకే రెండూ ఒకే పిడిలో. ఇలా మడిచే చాకు ఉన్నది ఇంట్లో కూర్చుని కావ్యాలు నకలు రాసే మనిషి కంటే, నడుముకి చెక్కుకుని తిరిగే మనిషికే ఎక్కువ అవసరం.

మీ ముత్తాతగారు తిరుత్తణి వైపు ఒక ఊరికి కరణం అని మీరే రాశారు. నాకు అనుమానం తీరిపోయింది అక్కడే. తిరుత్తణి ప్రాంతం 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది, ఆ తర్వాత మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అక్కడి ఊళ్ళలో తెలుగు కరణాలు ఉండటం మామూలే. తమిళనాడులో ఆ వంశపారంపర్య ఉద్యోగాలు 1980లో రద్దయ్యే దాకా ఊరి లెక్కలు వాళ్ళ చేతిలోనే. కాగితం రాకముందు భూమి కొలతలు, శిస్తులు, ఎవరి మాన్యం ఎంత అన్నీ తాటాకు కవిలెల్లోనే, అంటే తాడు కట్టిన ఆకుల కట్టల్లోనే ఉండేవి. కరణానికి ఘంటం కంసాలికి సుత్తి లాంటిది.

అయినా కొన్ని జాగ్రత్త మాటలు చెప్పాలి. వయసు ఎంతో ఫోటో చూసి చెప్పలేం. మడతబందు మేకు చేత్తో కొట్టి మూసినట్టు కనిపిస్తోంది, మరమేకు కాదు. కానీ చేతిపని అయినంత మాత్రాన పాతదని కాదు. ఒడిశాలో రఘురాజ్‌పూర్ లాంటి ఊళ్ళలో తాటాకు మీద బొమ్మలు గీసేవాళ్ళు ఈ రోజుకీ ఇనుప ఘంటమే వాడతారు. కాబట్టి దుకాణంలో అమ్మకానికి పెట్టిన ఘంటం అయితే నేను ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదు. మీది మీ ఇంటి పెట్టెలో, కరణం గారి కుటుంబంలో దొరికింది. ఎక్కడ దొరికింది, ఎవరిది అన్నది కూడా వస్తువులో భాగమే. ఇప్పుడే ఒక కాగితం మీద తేదీ వేసి, ఏ పెట్టెలో, వేటి మధ్య దొరికిందో రాసి దానితో పాటు ఉంచండి. మీ పిల్లల కాలానికి ఇది మీ నోటిలో మాత్రమే ఉంటే పోతుంది.

నేను పొరపాటు పడిన సందర్భం కూడా చెప్పాలి, ఎందుకంటే అది మీకూ పనికొస్తుంది. పది పన్నెండేళ్ళ కిందట ఒకావిడ జానెడున్నర ఇనుప పుల్ల తెచ్చారు. రెండు కొసలూ సన్నగా ఉన్నాయి. ఘంటమే అని చెప్పి పంపేశాను. ఆవిడ అద్దాల చట్రంలో పెట్టించి, కింద చీటీ కూడా రాయించారు. ఏడాది తర్వాత వేరే పని మీద వాళ్ళింటికి వెళ్ళినప్పుడు దాన్ని తీరిగ్గా చూశాను. పుల్ల నడుమ చుట్టూరా ఉంగరంలా ఒక మెరుపు పట్టీ, కొంచెం అవతల ఇంకొకటి. ఘంటానికి చుట్టూరా అరుగుదల రాదు, ఒక పక్కే వస్తుంది. చుట్టూరా అరిగిందంటే అది గిర్రున తిరిగిన వస్తువు. అది రాట్నం కదురు. బిళ్ళ ఊడిపోయింది, అంతే. వాళ్ళ అమ్మమ్మ ఖద్దరు వడికేవారని అప్పుడు చెప్పారు. నేను మొదటిరోజే భూతద్దం పెట్టి చూసి, ఇంట్లో ఎవరు ఏ పని చేసేవాళ్ళని అడిగి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు. ఆ చీటీ మార్పించే దాకా నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి మొనదేలిన పుల్ల ఏది వచ్చినా నేను మొదట వేసుకునే ప్రశ్న ఇదే: అరుగుదల ఒక పక్కనా, చుట్టూరానా? మీ దానికి ఒక పక్కనే ఉంది.

ఇక తోమడం గురించి. నా బాధంతా ఇక్కడే.

వేళచ్చేరి నుంచి ఒక అబ్బాయి ఇనుప పలక తెచ్చాడు. నిండా వరసలుగా రంధ్రాలు. ఇంట్లో అందరూ జంతికల గొట్టంలో వేసే బిళ్ళ అనుకున్నారు. అది కమ్మచ్చు. కంసాలులు వెండి, బంగారు తీగ లాగే పలక. ఒక్కో రంధ్రం ముందుదానికంటే వెంట్రుకవాసి చిన్నది, ఒక ముఖాన వెడల్పుగా మొదలై రెండో ముఖాన ఇరుకవుతుంది. వెడల్పు వైపు నుంచి తీగ దూర్చి, ఇరుకు వైపు నుంచి పట్టకారుతో లాగుతారు. అంతవరకూ ఆకారమే చెప్పింది. కానీ ఏ రంధ్రాలు ఎక్కువ వాడారు, ఎంత సన్న తీగ లాగేవారు, ఆ ఇంట్లో గొలుసుల పని చేసేవారా, జరీ పని చేసేవారా అన్నది రంధ్రాల లోపలి నునుపు చెప్పాలి. తుప్పు వదలాలని అతను దాన్ని బాత్రూం కడిగే యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టాడు. రంధ్రాల అంచులన్నీ తినేసి, చీమలు కొరికిన బెల్లంలా అయ్యాయి. అతను ప్రేమతోనే చేశాడు. తాత వస్తువు మెరవాలనే కదా.

1985లో మూర్ మార్కెట్ తగలబడినప్పుడు మా దుకాణం కూడా పోయింది. తర్వాత బూడిదలోంచి ఇనుప సామాన్లు ఏరి తెచ్చుకున్నాం. అంతకు ముందు రోజు దాకా పేరు పెట్టి పిలిచిన పనిముట్లను నాన్నగారు చేతిలో తిప్పి తిప్పి చూసి, సగానికి పైగా గుర్తుపట్టలేకపోయారు. ఆకారం అలాగే ఉంది, ఒళ్ళు పోయింది. మంటకి పైపొర పెచ్చులుగా లేచిపోయింది. పీతాంబరి, చింతపండు, నిమ్మకాయ, ఉప్పుకాగితం చేసేది కూడా అదే పని, కాకపోతే కొంచెం నిదానంగా. మీ ఘంటం మీద చెరిగిపోయిన సగం నగిషీ, నల్లటి మెరుపు చోటు, ఈ రెండే మీ ముత్తాతగారి చేతి గుర్తులు. ఒక్కసారి తోమితే ఇత్తడి కొత్త బిందెలా మెరుస్తుంది, ఆయన చెయ్యి మాత్రం పోతుంది.

అలాగని తుప్పుని వదిలెయ్యమనడం లేదు. చెన్నై ఉప్పుగాలికి ఇనుము ఆగదు. ఇత్తడి, ఇనుము కలిసే చోట తేమ చేరితే ఇనుమునే ముందుగా తుప్పు తింటుంది. మీ నాలుగో ఫోటోలో పిడి మొదట్లో కనిపిస్తున్న ఎర్రటి పొడి అదే. ఇలా చెయ్యండి. మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో, పొడిగా, వదులుగా ఉన్న ఎర్ర పొడిని మాత్రం దులపండి. గట్టిగా అంటుకున్న ముదురు గోధుమరంగు పొరని ముట్టుకోకండి, అది లోపలి ఇనుముకి కొంత కాపలా. కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క మెత్తటి గుడ్డకి అద్ది ఇనుప భాగం మీద పలచగా రాయండి. కొబ్బరినూనె వద్దు, జిడ్డుగా మారి దుమ్ము పట్టుకుంటుంది. ఇత్తడిని ఊరికే పొడిగుడ్డతో ఒత్తండి, చాలు. నీళ్ళు అసలు వద్దు.

చాకు తెరవాలని బలవంతం చెయ్యకండి. మడతబందు దగ్గర మేకు మీద అదే నూనె ఒక చుక్క వేసి, రెండు రోజులు నీడలో పెట్టండి. మళ్ళీ ఒక చుక్క. అప్పుడు వేళ్ళతో మెల్లగా కదిపి చూడండి. కదిలితే సరే. కదలకపోతే అలాగే ఉంచండి, మూసి ఉన్న చాకు వల్ల నష్టం లేదు. కత్తి మొన దూర్చి పైకెత్తబోతే అంచు విరుగుతుంది, నేను ఎన్నో చూశాను. దాచేటప్పుడు రబ్బరు బ్యాండు చుట్టకండి, న్యూస్‌పేపర్‌లో చుట్టకండి. తెల్లటి ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు రెండు పక్కన పెట్టి, మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి.

అన్నయ్యకి పంపడం: మన దేశంలో పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో వచ్చింది, 1976 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వంద ఏళ్ళు దాటిన ఇలాంటి చేతిపని వస్తువుని మామూలు మనుషులు విదేశాలకి పంపకూడదు. చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకైతే 75 ఏళ్ళు చాలు. మీ ఘంటం వంద ఏళ్ళు దాటి ఉండవచ్చు కాబట్టి సూట్‌కేసులో పెట్టి పంపితే విమానాశ్రయంలో మీ అన్నయ్యకి లేనిపోని టెన్షన్. నిజంగా పంపాలనుకుంటే ముందు సెయింట్ జార్జ్ కోటలో ఉన్న భారత పురావస్తు సర్వే కార్యాలయంలో చూపించి, అది పురావస్తువు కాదని ధ్రువపత్రం ఇస్తారేమో కనుక్కోండి. ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు, దానికి భయపడనక్కర్లేదు. నా సలహా అడిగితే అన్నయ్యకి మంచి ఫోటోలు పంపి, వచ్చినప్పుడు చేతిలో పెట్టండి.

పాత సామాన్లవాళ్ళ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. ఇత్తడి బరువు తూచి డబ్బులిస్తారు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన అసలు పని ఇంకొకటి ఉంది. ఆ పెట్టెని మళ్ళీ వెతకండి. ఘంటం ఉన్నచోట ఆకులు ఉండి ఉండవచ్చు. ఒకే కొలతలో రెండు సన్నటి చెక్కపలకలు, వాటికి రంధ్రం, ఆ రంధ్రంలో తాడు కనిపిస్తే అది కవిలె కట్ట. ఎండిపోయిన తాటాకు చెత్త అనుకుని పారేసిన ఇళ్ళు నాకు తెలుసు. ఒకింట్లో పనిమనిషి వాటితో పొయ్యి వెలిగించింది. మీకు ఏమీ కనిపించకుండా ఖాళీగా ఉన్న ఆకులు కూడా ఖాళీ కాకపోవచ్చు, మసి రాయని ఆకు మీద రాత పక్కవెలుతురులోనే కనిపిస్తుంది. దొరికితే తాడు విప్పకండి, అంటుకున్న ఆకుల్ని విడదీయకండి, నూనె రాయకండి. లైబ్రరీల్లో నిమ్మగడ్డి నూనె రాస్తారు, కానీ అది తెలిసినవాళ్ళ చేతిలో జరగాలి. కొట్టూరుపురంలో అన్నా శతాబ్ది గ్రంథాలయ భవనంలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో సర్వే అధికారిగా పనిచేసిన కాలిన్ మెకంజీ, తెలుగు నిఘంటువు రాసిన సి.పి.బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు చేరింది అక్కడికే. మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాసుకున్నప్పుడు వాళ్ళు ఆధారపడినవాటిలో మీ ముత్తాతగారి లాంటి కరణాల ఇళ్ళలోని కవిలెలు కూడా ఉన్నాయి. అక్కడ చూపిస్తే చదివి చెప్పగలిగేవాళ్ళు దొరుకుతారు.

చివరిగా, వీలైతే నాకు ఇంకో రెండు ఫోటోలు కావాలి. గదిలో లైటు ఆర్పి, పక్క నుంచి టార్చి వేసి, ఒకటి మొనకి పైన ఆ మెరుపు చోటు, రెండోది చాకు దూరే గాడి లోపల. ఆ గాడిలో నల్లగా ఏదో పేరుకున్నట్టు మూడో ఫోటోలో లీలగా కనిపిస్తోంది. జిడ్డూ దుమ్మూ కావచ్చు. రాసిన ఆకుకి రుద్దిన మసి, ఆయన చేతికి అంటి అక్కడికి చేరింది కూడా కావచ్చు. నేను చూసే దాకా దాన్ని గీకకండి.